ఇంట తయారగు పరికరములు – బ్యాటరీ వోల్టేజి అదుపు

గ్రామములలో నేడు విద్యుత్ పరికరములను కొనువారే కాక, స్వయముగా కూర్చుకొనువారును కానవచ్చుచున్నారు. 2016 తరువాత అనేక ఉన్నత పాఠశాలలలో నెలకొల్పబడిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలలో బాలబాలికలు నేల తేమను కొలుచు పనిముట్లను, చీకటిపడగనే తమంత తామే వెలుగు దీపములను తయారుచేయుచున్నారు. ఐ.టి.ఐ.లో చదివి వచ్చిన యువకులు పాడైన లాప్‌టాపుల బ్యాటరీలను విప్పి, వానిలోని సెల్లులతో పొలము కాపలాకు టార్చిలైట్లను, జాతరలకు చేతి మైకులను కూర్చుచున్నారు. ఇది మెచ్చుకొనదగిన ఉత్సాహము. ఐనను, మా పర్యటనలలో ఇట్టి పరికరములను చూచినప్పుడెల్ల ఒక విషయము మా దృష్టికి వచ్చుచున్నది. "దీనిలో వోల్టేజిని అదుపు చేయునది ఏది?" అని అడిగినచో కొందరు చూపగలరు, పెక్కుమంది "బ్యాటరీ సరిపోయినది కదా" అందురు. పరికరము వెలిగినంత మాత్రమున, మ్రోగినంత మాత్రమున బ్యాటరీ దానికి సరిపోయినదని చెప్పుటకు వీలులేదు. లిథియం సెల్లుల విషయమున ఈ పొరపాటు వలన ఇల్లే అంటుకొనవచ్చును.

ఇది యువకులు చూచుకొనవలసిన సంగతి, పంచాయతీకేమి పని యని కొందరు సభ్యులు తలంపవచ్చును. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో గ్రామీణ విద్యుదీకరణము, సంప్రదాయేతర ఇంధన వనరులు, సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య అనునవి పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా పేర్కొనబడినవి. అంతకంటె దగ్గరి కారణము వేరొకటి కలదు. అట్టి మైకు పంచాయతీ కార్యాలయములోనే ఉండును. అట్టి దీపము అంగన్‌వాడీ కేంద్రములోనే వ్రేలాడును. వానిని రాత్రి చార్జింగుకు పెట్టి తలుపు తాళము వేసికొని పోవునది మనమే. కావున ఈ పాఠము తయారుచేయువారికెంత అవసరమో, ఉపయోగించువారికిని అంత అవసరము.

అచ్చువేసిన అంకె

పంచాయతీ ప్రకటనలకై గ్రామ యువకులొక చేతి మైకును చేయబూనిరనుకొందము. ధ్వనిని పెంచుటకు అంగడిలో చవుకగా దొరకు పి.ఎ.ఎమ్. 8403 అను చిన్న పలకను తెచ్చిరి. అది 5 వోల్టుల మీద చక్కగా పనిచేయును; 5.5 వోల్టులు దాటినచో చెడిపోవును. శక్తికి 18650 అను రకపు లిథియం సెల్లులున్నవి. ఆ పేరులో మర్మమేమియు లేదు. సెల్లు అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు అనియే దాని భావము. ఒక్కొక్క సెల్లుపై 3.7 వోల్టులని వ్రాసియున్నది. ఒకటి పెట్టినచో మైకు చాలినంత బిగ్గరగా పలుకదు. రెండింటిని వరుసగా కలిపినచో 7.4 వోల్టులగును, పలక కాలిపోవును. ఈ చిక్కును వారెట్లు తీర్చుకొందురన్నదే ప్రశ్న.

మొదట గ్రహింపవలసినది, 3.7 అనునది ఒక నడిమి అంకె మాత్రమే. చెరువు నిండుగా ఉన్ననాడు తూము నుండి నీరు ఉరవడితో దూకును. వేసవి వచ్చుసరికి అదే తూము నుండి సన్నని ధార జారును. బ్యాటరీ వోల్టేజియు అట్లే దిగుచుండును. లిథియం సెల్లు పూర్తిగా నిండినపుడు 4.2 వోల్టులు చూపును; 3 వోల్టులకు దిగునప్పటికి అది దాదాపు ఖాళీ అయినట్లే. సెల్లులు రెండు వరుసగా ఉన్నచో 8.4 నుండి 6 వరకు ప్రయాణము. గోడ గడియారములో వేయు మామూలు పొడి సెల్లు 1.5 అని పిలువబడినను, క్రొత్తదైనపుడు ఒకింత ఎక్కువగా మొదలై, 1 వోల్టు దగ్గర పనికిరానిదగును. మరల చార్జింగు చేసికొనదగిన నికెల్ సెల్లు అదే ఆకారముననున్నను 1.2 వోల్టులే ఇచ్చును. నాలుగు పొడి సెల్లులు పెట్టవలసిన చోట నాలుగు నికెల్ సెల్లులు పెట్టి, "పరికరము చెడిపోయినది" అనుకొనువారున్నారు.

12 వోల్టులని పిలువబడు సీసపు బ్యాటరీలో ఆరు గదులుండును. దానిని నింపి కొంతసేపు ఊరక ఉంచినచో 12.6 లేక 12.7 చూపును. పనిచేయుచు 10.5కు దిగినచో ఖాళీ అయినట్లు. కాని చార్జింగు జరుగుచున్నంతసేపు అది 14 వోల్టులు దాటును. 12 వోల్టులకు మాత్రమే ఓర్చుకొను పరికరమును చార్జింగు బ్యాటరీకి తగిలించియే ఉంచి, అది ఎందుకు కాలిపోయినదో తెలియక విస్తుపోవుట సామాన్యముగా జరుగుచున్నది.

1950, 60 దశకములలో గ్రామములందు బ్యాటరీ రేడియోలను విన్న పెద్దలు కొందరింకను ఉన్నారు. నాటి వాల్వుల రేడియోకు సాధారణముగా 90 వోల్టుల బ్యాటరీ ఒకటి, వాల్వులలోని తీగలను వేడిచేయుటకు 1.5 వోల్టుల బ్యాటరీ ఒకటి కావలసియుండెను. బ్యాటరీ తగ్గినకొద్దీ పాట సన్నగిల్లుచుండెడిది. అంతకుమించి ప్రమాదము లేకుండెను. నేటి చిన్న చిప్పులకు ఆ ఓర్పు లేదు. ఎక్కువైనచో కాలును, తక్కువైనచో చిత్తము వచ్చినట్లు ప్రవర్తించును. అందుచేతనే వోల్టేజి అదుపు పూర్వము కంటె నేడు ముఖ్యమైనది.

రెసిస్టరుతో అదుపు కాదు

మన యువకులు మొదట తలపెట్టు ఉపాయము రెసిస్టరు. లెక్క వారికి వచ్చును. 8.4 నుండి 5 తీసివేయగా 3.4 వోల్టులు, మైకు 200 మిల్లీ ఆంపియర్లు వాడుకొనుచున్నచో 17 ఓముల రెసిస్టరు సరిపోవునని వేసికొందురు. పాఠశాలలో నేర్చిన సూత్రము ప్రకారము ఇది సరియైనదే. కాని మాటలాడువాడు ఊపిరి పీల్చుకొనుటకు ఆగినపుడు మైకు 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే వాడుకొనునను కొందము. అప్పుడా రెసిస్టరు వలన తగ్గునది 0.34 వోల్టు మాత్రమే. మిగిలిన 8 వోల్టులును పలక మీద పడును. మైకు అరచునపుడు కాదు, మౌనముగా ఉన్నపుడు కాలిపోవును. కాలిన పలకను తీసి క్రొత్తది వేసి, అదియు కాలినపిదప "సరకు నాసిరకము" అని అంగడివానిని నిందించుట జరుగుచున్నది.

రెండు రెసిస్టర్లను వరుసగా పెట్టి నడుమ నుండి వోల్టేజిని తీసికొనుటయు ఇట్టిదే. కొలత చూచుటకు అది పనికివచ్చును. పరికరమును నడుపుటకు పనికిరాదు. వాడకము మారినను వోల్టేజి మారకుండునట్లు ఎప్పటికప్పుడు సరిదిద్దు వస్తువు కావలెను. తూము కడ నిలిచి, చెరువు మట్టమును, పొలము అవసరమును చూచి తలుపును ఎత్తుచు దించుచు ఉండు నీరటికాని పని అది. దానినే రెగ్యులేటరు అందురు.

రెగ్యులేటర్లు

వీనిలో పాతది, సులభమైనది 7805 అను మూడు కాళ్ల చిప్పు. ఒక కాలికి బ్యాటరీ, నడిమి కాలికి భూమి తీగ, మూడవ కాలి నుండి 5 వోల్టులు. లోపలికి వచ్చు వైపున 0.33, వెలుపలి వైపున 0.1 మైక్రోఫారడు కెపాసిటర్లను కాళ్లకు దగ్గరగా వేసినచో నిలుకడగా పనిచేయును. దీనిలోని లోపము, ఎక్కువైన వోల్టేజినంతటిని వేడిగా మార్చి పారవేయుట. 12 వోల్టుల బ్యాటరీ నుండి 5 వోల్టులు, అర ఆంపియరు తీసికొన్నపుడు బ్యాటరీ ఇచ్చునది 6 వాట్లు. మనకు చేరునది రెండున్నర వాట్లు. తక్కిన మూడున్నర వాట్లు చిప్పును కాల్చుటకే. అల్యూమినియము రేకు బిగింపనిచో వేలు పెట్టరానంత వేడెక్కి, తన్ను తానే ఆపివేసికొనును. కొంతసేపటికి చల్లారి మరల మొదలిడును. మైకు పలుకుచు ఆగుచు ఉన్నచో ఈ కారణమును ముందుగా శంకింపవలెను.

మరియొకటి, 7805కు లోపలికి వచ్చు వోల్టేజి వెలుపలి దానికంటె సుమారు 2 వోల్టులు హెచ్చుగా ఉండవలెను. కావున రెండు లిథియం సెల్లులతో దానిని నడిపినచో మొత్తము 7 వోల్టులకు దిగగానే, సెల్లులలో ఇంకను కొంత శక్తి ఉండగనే, 5 వోల్టులు నిలువవు.

పాఠశాల బాలురు చేయు నేల తేమ పనిముట్టులో ఇదే చిక్కు వేరొక రూపమున వచ్చును. వారి చిప్పుకు 3.3 వోల్టులు కావలెను, ఎ.ఎమ్.ఎస్. 1117 అను చవుక రెగ్యులేటరును ఒక లిథియం సెల్లుకు తగిలింతురు. ఆ రెగ్యులేటరుకు 1 వోల్టుకు పైగా హెచ్చు కావలెను, అనగా 4.3కు మించి. సెల్లు నిండుగా ఉన్ననాడును 4.2 మాత్రమే! అది మొదటి గడియ నుండియే సరిగా అదుపు చేయలేదు. పైగా, పనిముట్టు నిద్రించుచున్నను ఆ రెగ్యులేటరు తన పోషణకై సుమారు 5 మిల్లీ ఆంపియర్లు త్రాగుచుండును. దినమునకు 120 మిల్లీ ఆంపియర్-గంటలు. 2000 గల సెల్లు పనిముట్టు ఏ పనియు చేయకుండగనే 16, 17 దినములలో వట్టిపోవును. పొలములో పాతిపెట్టిన పనిముట్టు పక్షము దినములకే మూగవోయినదని బాలుడు నిరుత్సాహపడును. అతని ఆలోచనలో లోపము లేదు. ఇట్టి పనులకు కొద్ది మైక్రో ఆంపియర్లతో తృప్తిపడునట్టి, పావు వోల్టు హెచ్చు ఉన్న చాలునట్టి రెగ్యులేటర్లు దొరకుచున్నవి; ఎం.సి.పి. 1700 అట్టిది. అది ఇచ్చునది పావు ఆంపియరు మాత్రమే గనుక మైకుకు పనికిరాదు గాని, తేమ పనిముట్టుకు అమరును.

రెండవ జాతి రెగ్యులేటర్లు వేడిచేసి పారవేయునవి కావు. తలుపును అతివేగముగా తెరచుచు మూయుచు, నడుమ తీగచుట్టలో శక్తిని దాచి, కావలసినంతనే వదలును. వాడుకలో ఎక్కువగా ఉన్న ఎల్.ఎమ్. 2596 సెకనుకు 1,50,000 మారులు ఇట్లు చేయును. వోల్టేజిని తగ్గించు ఇట్టి పలకను మన మైకులోని రెండు సెల్లులకు వాడినచో నూటికి ఎనుబది పాళ్లకు తక్కువకాకుండ శక్తి చేతికి వచ్చును. వోల్టేజిని పెంచు పలకలును కలవు. ఒక్క సెల్లు నుండియే 5 వోల్టులను రప్పింపవచ్చును. ఇది ఏతముతో నీటిని మెరక పొలమునకు ఎత్తిపోయుట వంటిది. మట్టము పెరుగును, నీరు పెరుగదు. 3.7 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లులో ఉన్నది 7.4 వాట్-గంటలు. నూటికి 85 పాళ్లు చేతికి వచ్చినవనుకొన్నచో, 5 వోల్టుల వద్ద 1250 మిల్లీ ఆంపియర్-గంటలకు కొంచెము పైగా లభించును. పవర్ బ్యాంకుపై వ్రాసిన అంకె ఫోనులోనికి ఎందుకు పూర్తిగా ఎక్కదని అడుగువారికి సమాధానము చాలవరకు ఇదియే. ఆ అంకె లోపలి సెల్లులది.

ఈ పలకలను వాడువారు ఒక జాగ్రత్తను మరువరాదు. వానిపై చిన్న మరయొకటి ఉండును. దానిని త్రిప్పి వోల్టేజిని నిర్ణయింపవలెను. అంగడి నుండి వచ్చినపుడది ఎచ్చట నిలిచియుండునో చెప్పుటకు వీలులేదు. కనుక మొదట పరికరమును తగిలింపక, మల్టీమీటరుతో చూచుచు మరను 5 వోల్టులకు తెచ్చి, ఆ పిదప మాత్రమే తగిలింపవలెను. మర కదలకుండ ఒక చుక్క గోళ్ల రంగు వేయుట మంచిది. ఇంకొకటి, వీని వేగపు తెరపుమూతల వలన మధ్యతరంగ రేడియోలో రొద పుట్టును. రేడియో చేయువారు పాత 7805 వంటి వానినే ఎంచుకొనుట తప్పు కాదు; వేడి పోవును గాని వార్తలు శుభ్రముగా వినబడును.

సెల్లును కాచునది ఏది?

ఇంతవరకు చెప్పినది పరికరమును కాపాడుకొను మార్గము. మేము ముఖ్యముగా చెప్పదలచినది తరువాతి విషయము. పరికరమును కాపాడు రెగ్యులేటరు సెల్లును కాపాడదు. పైగా, సెల్లు అలసినకొద్దీ దానిని మరింత పీడించును.

లెక్క చూడుడు. మైకుకు 5 వోల్టులు, 1 ఆంపియరు కావలెననుకొందము. పెంచు పలకలోని నష్టముతో కలిపి సెల్లు నుండి సుమారు 5.9 వాట్లు రావలెను. సెల్లు 4.2 వోల్టులతో నిండుగా ఉన్నపుడు అది 1.4 ఆంపియర్లు ఇచ్చిన చాలును. 3.7కు దిగినపుడు 1.6 ఇవ్వవలెను. 3 వోల్టులకు దిగి, ఇక విశ్రాంతి కావలసిన వేళకు దాదాపు 2 ఆంపియర్లు ఇవ్వవలసివచ్చును. మోట లాగు ఎద్దు అలసినకొద్దీ ముల్లుకర్రతో మరింత పొడుచుట వంటిది ఇది. వెలుపల మాత్రము 5 వోల్టులు స్థిరముగా ఉండును. మైకు ధ్వని తగ్గదు. కావున వాడువానికి హెచ్చరిక అందదు. రెగ్యులేటరు లేని పాత టార్చిలైటు మసకబారి "ఇక చాలు" అని చెప్పుచుండెను. రెగ్యులేటరు గల పరికరము ఆ మాట చెప్పదు. వాడుకలోనున్న పెంచు పలకలలో కొన్ని సెల్లు 2 వోల్టులకు దిగువరకు పీల్చుచునే ఉండును.

లిథియం సెల్లును అంతగా దించినచో దాని లోపలి రాగి రేకు కొంత కరగి, మరల చార్జింగు చేయునపుడు కానిచోట పేరుకొనును. అట్టి సెల్లులో లోపలనే ప్లస్, మైనస్ కలిసికొను ప్రమాదము కలదు. పైకేమియు కనబడదు. నేడు దించిన సెల్లు రేపు చార్జింగు వేళ మండవచ్చును. ఎక్కువ నింపుటయు అంతే అపాయకరము. 4.2 దాటి బలవంతముగా ఎక్కించిన సెల్లు వేడెక్కి, ఆవిరి క్రక్కి, అంటుకొనును. ఫోను చార్జరు ఇచ్చునది 5 వోల్టులు. ఆ తీగలను కత్తిరించి సూటిగా సెల్లుకు తగిలించు అలవాటు కొన్నిచోట్ల కలదు. దీనిని ఎవరు చేయుచున్నను వెంటనే మాన్పింపవలెను.

కనుక ఇట్టి పరికరమునకు కాపరులిద్దరు కావలెను. ఒకటి పరికరమునకు రెగ్యులేటరు. రెండవది సెల్లుకు రక్షణ పలక. చార్జింగునకు టి.పి. 4056 అను చిన్న పలక విరివిగా దొరకుచున్నది. అది 5 వోల్టులను తీసికొని సెల్లును 4.2 వరకు నింపి ఆపును. దీనిలోనే రక్షణ కూడ చేరినవి ఒక రకము, చేరనివి మరియొక రకము. చూపునకు ఒకే తీరున ఉండును. రక్షణ చేరిన దానికి సెల్లు తీగలకు వేరుగా, పరికరము తీగలకు వేరుగా నాలుగు చోట్లుండును. దానినే కొనవలెను. ఆ రక్షణ సెల్లు సుమారు రెండున్నర వోల్టులకు దిగినపుడు తెంచివేయును. తీగలు కలిసికొన్నను తెంచును. ఐనను అది చిట్టచివరి కట్ట. దినదినము దానిమీద ఆధారపడరాదు. 3 వోల్టుల దగ్గరనే పరికరము ఆగునట్లో, ఎఱ్ఱ దీపము వెలుగునట్లో చేసికొనుట మేలు.

ఆ పలక అంగడి నుండి వచ్చినపుడు 1 ఆంపియరు చొప్పున నింపునట్లు అమర్చియుండును. 18650 సెల్లుకు అది తగినదే. చెవి ఫోనులలోని బుల్లి సెల్లులకు అంత వేగము తగదు; దానిపైనున్న ఒక రెసిస్టరును మార్చి తగ్గింపవలెను. లిథియం సెల్లులలో ఫాస్ఫేటు రకము వేరు. దానిపై 3.2 వోల్టులని ఉండును, 3.65 మించి నింపరాదు. ఇది నిప్పు విషయమున మిగిలినవానికంటె నెమ్మదియైనది. వీధి సౌరదీపములకు ఎక్కువగా వాడుచున్నారు. దీనికి 4.2 వోల్టుల పలక తగిలించినచో ఆ నెమ్మది తనమునకే ఎసరు వచ్చును.

సెల్లులను వరుసగా కలుపునపుడు ఇంకొక చిక్కు కలదు. మూడు సెల్లుల వరుసకు 12.6 వోల్టులు నిండు కొలత. చార్జరు చూచునది మొత్తమునే. ఒకటి 4.4, ఒకటి 4.2, ఒకటి 4.0 ఉన్నను మొత్తము 12.6 అగును, చార్జరు తృప్తిపడును, మొదటి సెల్లు మాత్రము అపాయములో ఉండును. పాత, క్రొత్త సెల్లులను కలుపుట బలమైన ఎద్దును, బక్క ఎద్దును ఒకే కాడికి కట్టుట. సెల్లు సెల్లును విడివిడిగా చూచి సమము చేయు పలక లేనిదే వరుసలను కట్టరాదు. అనుభవము చాలని బాలురు ఒక్క సెల్లుతో, లేదా ప్లస్‌కు ప్లస్ కలిపిన జతతో, పెంచు పలకతో పని గడుపుకొనుట ఉత్తమము. అట్లు జతచేయునపుడును రెండు సెల్లుల వోల్టేజి ఒకటిగా ఉన్నదని కొలిచిన పిదపనే కలుపవలెను.

పాత లాప్‌టాపుల నుండి తీసిన సెల్లులన్నియు పనికిమాలినవి కావు. అన్నియు పనికివచ్చునవియు కావు. తీయగనే 2 వోల్టులకు తక్కువ చూపినది, ఉబ్బినది, తుప్పుపట్టినది, చార్జింగులో వేడెక్కునది పారవేయదగినవే. మిగిలినవానిని నింపి, వారము దినములు ఊరక ఉంచి, మరల కొలిచినచో తనంత తానే దిగిపోవు సెల్లు బయటపడును. వాని పై తొడుగు చిరిగినచో ముట్టరాదు. పక్క భాగమంతయు మైనస్ ధ్రువమే గనుక ఒక్క మేకు తగిలినను ప్లస్‌తో కలియును. సెల్లుపై సూటిగా సోల్డరింగు చేసినచో ఆ వేడి లోపలికి పోయి హాని చేయును. ప్లాస్టిక్ గూళ్లు దొరకుచున్నవి. ప్లస్ తీగలో చిన్న ఫ్యూజును వేయుటకు యువకులు బద్ధకింతురు. మేము ఎచ్చట అడిగినను "రక్షణ పలక ఉన్నది కదా" అనుచున్నారు. పలక చెడినపుడు మిగులునది ఫ్యూజే.

వేసవి, చార్జింగు

సాధారణ లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగు చేయరాదు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో నీడపట్టుననే ఆ అంకె వచ్చుచుండును. రేకుల కప్పు క్రింద, ఎండలో నిలిపిన ఆటోలో ఎంత ఉండునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మాసములలో తెల్లవారుజామున నింపుకొనుట మేలు. నింపునది నాపరాయి మీదనో, సిమెంటు నేల మీదనో కావలెను. గడ్డివాము పక్కన, పరుపు మీద, పంచాయతీ దస్త్రముల బీరువా మీద కారాదు. రాత్రి ఒంటరిగా వదలరాదు. సెల్లు మండినచో ఆ పొగ విషపూరితము. పిల్లలను దూరముగా పంపి, కరెంటు తీసివేసి, దూరము నుండి సమృద్ధిగా నీరు పోయవలెను. పక్కవానికి అంటకుండ ఇసుక తోడ్పడును. మంట ఆరినట్లు కనబడినను లోపలి వేడి వలన మరల రగులవచ్చును గనుక ఆరుబయట చాలసేపు ఉంచి కనిపెట్టవలెను.

పంచాయతీ తరపున చేయదగినది స్వల్పమే. ఒక మల్టీమీటరును కొని గ్రంథాలయములోనో, పాఠశాలలోనో అందరికి అందుబాటులో ఉంచవచ్చును. అది కొన్ని వందల రూపాయల వస్తువు. కొలుచువారికి రెండు మాటలు చెప్పవలెను. బ్యాటరీ ఊరక ఉన్నపుడు కాదు, పరికరము నడచుచున్నపుడు కొలిచినదే అసలు కొలత. ఆంపియర్ల గురుతు మీద మీటను ఉంచి బ్యాటరీ రెండు కొసలను ముట్టించినచో, అది కొలత కాక తీగలు కలిపినట్లగును. ఇక యువకులు పరికరమును పంచాయతీకి సమర్పించినపుడు శాలువ కప్పుటకు ముందు, వోల్టేజిని నిలుపునది ఏదో, సెల్లు ఎంతకు దిగిన ఆగునో, ఎంతకు నిండిన ఆగునో వారిచేత చూపించుకొనవలెను. కాగితముపై వారు వ్రాసిన లెక్క కంటె, మీటరు పెట్టి సభ్యుల యెదుట చూపిన అంకె నమ్మదగినది. చూపలేకపోయినచో పరికరమును త్రిప్పిపంపుట వారిని అవమానించుట కాదు. సరిదిద్ది తెచ్చుటకు వారము గడువు ఇచ్చిన చాలును.

పాత సెల్లుల సంగతి

ఈ పనులు పెరిగినకొద్దీ చెత్తలో సెల్లులును పెరుగును. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు, 2001 నాటి నియమముల స్థానమున వచ్చినవి. పూర్వము సీసపు బ్యాటరీలకే పరిమితమైనది, ఇప్పుడు చిన్న సెల్లులకును వర్తించుచున్నది. వీని ప్రకారము తయారీదారులు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరింపవలెను. వాడుకదారులు వానిని ఇంటి చెత్తతో కలుపక వేరుగా ఉంచి అప్పగింపవలెను. చెత్త బండిలో, వేరుచేయు షెడ్డులో పడిన ఒక్క లిథియం సెల్లు నలిగినచో అచ్చటి కాగితములు, ప్లాస్టిక్ అంతయు అంటుకొనవచ్చును. పారిశుద్ధ్య కార్మికులకు ఈ సెల్లుల రూపమును చూపియుంచుట అవసరము.

కార్యాలయము అరుగు మీద, వాన తగులని చోట, ప్లాస్టిక్ డబ్బాయొకటి ఉంచి, అడుగున పొడి ఇసుక పోయవలెను. సెల్లు వేయుటకు ముందు రెండు కొసలకును టేపు అంటింపవలెను. టేపు చుట్టను డబ్బా మూతకే దారముతో కట్టియుంచినచో అంటింపక వేయువారు తగ్గుదురు. ఉబ్బిన సెల్లులను అందులో వేయక, ఇసుక నింపిన మట్టికుండలో ఒంటిగా ఆరుబయట ఉంచవలెను. డబ్బా నిండువరకు ఎదురుచూడక, నెలకొకసారి లెక్కవ్రాసి, బ్యాటరీ వ్యర్థములను సేకరించుటకు నమోదైన సంస్థకు పంపి, రసీదును దస్త్రములో చేర్చవలెను.